పాత కంప్యూటరు: పాటకు ఉంచాలా, ఆటకు మార్చాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో మా బంధువులకూ, మా అపార్ట్‌మెంట్ వారికీ కంప్యూటర్ల విషయంలో నేను ఫీజు లేని డాక్టరుని. అది నా వృత్తి కాదు, వదలని అలవాటు. పదేళ్లు దాటిన డెస్క్‌టాప్ ముందు నన్ను కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, "దీన్ని ఏం చేయమంటారు?" అని అడిగేవారు ఈమధ్య ఎక్కువయ్యారు. పెద్దవారికి పాటలు కావాలి, పిల్లలకు ఆటలు కావాలి, ఇద్దరికీ కలిపి ఉన్నది ఒక్కటే డబ్బా. అడిగినవే మళ్లీ అడుగుతున్నారు కనుక చెప్పినవే ఇక్కడ రాసి పెడుతున్నాను. ధరలు రాయలేదు, వారం తిరిగేసరికి అవి మారిపోతాయి.

కొన్న బిల్లు లేదు. మా కంప్యూటరు ఎంత పాతదో ఎలా తెలుస్తుంది?

బిల్లు అక్కర్లేదు. 'దిస్ పీసీ' గుర్తు మీద మౌస్ కుడి బొత్తాం నొక్కి 'ప్రాపర్టీస్' తెరవండి. ప్రాసెసర్ అని ఉన్నచోట ఐ3, ఐ5, ఐ7 పక్కన ఒక సంఖ్య కనబడుతుంది. అందులో నాలుగంకెలుంటే మొదటి అంకె తరాన్ని చెబుతుంది, ఐదంకెలుంటే మొదటి రెండూ చెబుతాయి. ఐ5-2400 అంటే రెండో తరం, 2011 నాటిది. ఐ5-8400 ఎనిమిదో తరం, 2017 చివర్లో వచ్చింది. ఐ5-12400 పన్నెండో తరం. ఐ5-650లాగా మూడంకెలే ఉంటే మొదటి తరం. 'కోర్ 2 డ్యుయో' అని కనబడితే పెద్దవారు, ఒక నమస్కారం పెట్టండి.

ఐ7 అంటే ఎప్పుడూ ఐ3 కంటే గొప్పదే అనుకోకండి. రెండో తరం ఐ7-2600 కంటే పన్నెండో తరం ఐ3-12100 చాలా వేగంగా పనిచేస్తుంది. పాతవి అమ్మేవారు "ఐ7 అండీ" అని ఊరుకుంటారు. తరం అడగవలసింది మీరే.

విండోస్ 10 ఆపేశారట. ఇక మాది పనికిరానట్టేనా?

2025 అక్టోబరు 14న మైక్రోసాఫ్ట్ ఆపింది కంప్యూటర్లను కాదు, విండోస్ 10కు ఇచ్చే భద్రతా అప్‌డేట్లను. నిన్న నడిచినట్టే ఇవాళా నడుస్తుంది. కాకపోతే కొత్తగా బయటపడే లోపాలకు మందు పడదు. గృహ వినియోగదారులు అదనపు అప్‌డేట్ల పథకంలో చేరితే 2026 అక్టోబరు 13 వరకు గడువు దొరుకుతుంది.

విండోస్ 11కు ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి, ఏఎండీ కంపెనీ రైజెన్‌లో కొన్ని మినహాయింపులతో 2000 వరుస నుంచి అనుమతి ఉంది. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కూడా ఉండాలి. అది చాలా బోర్డుల్లో ఉండి కూడా బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే బోర్డు సొంత సెట్టింగుల్లో, ఆపేసి ఉంటుంది, కనుక "లేదు" అన్న మాట వినగానే నమ్మేయకండి. అంతకంటే పాతవాటిలో అడ్డదారిన విండోస్ 11 ఎక్కించేవారు ఉన్నారు. ఎక్కుతుంది, కానీ తర్వాతి అప్‌డేట్లకు ఎవరూ పూచీ ఉండరు. కోర్ 2 డ్యుయోలో ఆ అడ్డదారీ మూసుకుపోయింది. విండోస్ 11లో 24హెచ్2 అనే రూపం నుంచి అవసరమైన ఒక ఆదేశం ఆ ప్రాసెసర్లకు అసలే తెలియదు.

నా పద్ధతి ఇది. బ్యాంకు పనులు, ఆన్‌లైన్ కొనుగోళ్లు విండోస్ 10 యంత్రంలోంచి తీసేయండి. పాటలకే పరిమితమై, ఇంటర్నెట్ పెద్దగా తగలని యంత్రానికి ఈ గొడవ అంతగా అంటదు. ఇంటర్నెట్ తప్పనిసరి అయితే విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేయండి. అందులో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రూపం 4 జీబీ ర్యామ్‌లో కూడా సాఫీగా నడుస్తుంది. మింట్ 22కు 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి.

ఆన్ చేసి కాఫీ పెట్టుకుని వచ్చినా తెరుచుకోదు. మొదట ఏం మార్చాలి?

హార్డ్ డిస్క్. పదింట తొమ్మిది ఇళ్లలో నా జవాబు ఇదే. తిరిగే పళ్లెం మీద ఒక ఫైలు వెతికి పట్టుకోవడానికి హార్డ్ డిస్కుకు పది మిల్లీసెకన్ల దాకా పడుతుంది. దాని బదులు వేయవలసిన ఎస్‌ఎస్‌డీకి, అంటే తిరిగే భాగాలు లేని డ్రైవుకు, ఒక మిల్లీసెకనులో పదో వంతు చాలు. విండోస్ తెరుచుకునేటప్పుడు వేలకొద్దీ చిన్న ఫైళ్లు వెతకాలి కదా, మీ కాఫీ అక్కడే చల్లారుతోంది.

"మా బోర్డు పాతది, ఎస్‌ఎస్‌డీ వేగం అందుకోలేదు" అని షాపులో ఎవరైనా అంటే అది సగం నిజం. రెండో తరం కాలంలో ఇంటింటికీ వచ్చిన హెచ్61 బోర్డుల్లో డ్రైవును కలిపే సాటా దారి వేగం తక్కువ రకానిదే. అక్కడ ఎస్‌ఎస్‌డీ సెకనుకు 550 ఎంబీ బదులు 280 దగ్గర ఆగుతుంది. అయినా మీకు తేడా తెలిసేది వెతకడంలో, మోయడంలో కాదు. మా మేనమామగారి ఐ3లో మూడు నిమిషాల పని అరనిమిషంలోపు అయింది. "మొత్తం మార్చేశావా?" అని ఆయన అడిగారు. మార్చింది 240 జీబీ డ్రైవు ఒక్కటే.

రెండోది ర్యామ్. 4 జీబీ ఉంటే 8 చేయండి. డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 ఒకదాని చోట మరొకటి పట్టవు, గాటు వేరే చోట ఉంటుంది. బలవంతంగా నొక్కితే స్లాటు విరుగుతుంది. 2025 చివరి నుంచి కొత్త ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కాబట్టి, పాత డీడీఆర్3 ముక్క ఎవరి అటక మీదైనా ఉంటే ముందు అది అడిగి తెచ్చుకోండి.

నెల రోజులు వాడలేదు. ఇప్పుడు ఆన్ చేస్తే బీప్ బీప్ మని అరుస్తోంది, తెర నల్లగా ఉంది. పోయినట్టేనా?

ఇది మన ఊరి జబ్బు. హైదరాబాదులో ఉండే మా తమ్ముడికి ఎప్పుడూ రాని ఫోన్లు నాకు వారానికొకటి వస్తాయి.

సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది. ఉప్పు తేమను లాగుతుంది. ఆ తేమ పొర లోహం మీద పడి ర్యామ్ కాళ్లను, గ్రాఫిక్స్ కార్డు అంచును, స్లాట్లలోని సన్నని స్ప్రింగులను మెల్లగా తినేస్తుంది. లాసన్స్ బే దగ్గర ఒక ఇంట్లో బాల్కనీ పక్కన ఉన్న కంప్యూటరు తెరిచాను. క్యాబినెట్ మరలు తుప్పుతో ఎంత బిగిసిపోయాయంటే, రెండింటికి తల అరిగిపోయింది. ర్యామ్ ముక్క బయటికి తీసి కిటికీ వెలుతురులో వాలుగా పట్టుకుంటే, బంగారు రంగు కాళ్లలో నాలుగైదు మసకబారి, ఒకదాని మొదట్లో ఆకుపచ్చ చుక్క కనబడింది. ఆ ఇంటి చిన్నపిల్ల పెన్సిల్ డబ్బాలోంచి తెల్ల రబ్బరు అడిగి తీసుకుని, కాళ్ల పొడవునా ఒకే దిశలో పది పన్నెండుసార్లు రుద్దాను. బూడిదరంగు పొట్టు టేబుల్ మీద రాలింది. పొడి బట్టతో తుడిచి, రెండు పక్కల క్లిప్పులూ టక్కుమనేదాకా నొక్కి ఆన్ చేస్తే ఒకే ఒక బీప్. అది ఆరోగ్యంగా ఉన్నానని చెప్పే బీప్. షాపులో ఆ యంత్రానికి అప్పటికే మదర్‌బోర్డు పోయిందని తీర్పు చెప్పేశారట.

ప్లగ్ తీసి, ఆన్ బొత్తాం ఒకసారి నొక్కి వదిలి, క్యాబినెట్ లోహాన్ని చేత్తో తాకిన తర్వాతే లోపల చేయి పెట్టండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దొరికితే రబ్బరు తర్వాత దానితో తుడవండి. పెర్ఫ్యూము, శానిటైజరు వద్దు. పనిలో పనిగా సీఆర్2032 నాణెం బ్యాటరీ మార్చండి. తేదీ, సమయం వెనక్కి పోతున్నాయంటే అయిపోయింది అదే.

ఇక నివారణ. రోజూ ఒక గంట నడిచే కంప్యూటరు లోపలి వేడికి తానే ఆరుతుంది, మూలన పడేసినదే త్వరగా పాడవుతుంది. ఆపీ ఆపగానే ప్లాస్టిక్ ముసుగు కప్పకండి, తేమ లోపలే ఉండిపోతుంది. కుట్టు అంచులున్న ఆ అందమైన ముసుగుల మీద నాకు పాత కక్ష ఉంది. తూర్పు కిటికీకి, బాల్కనీకి దూరంగా, నేల నుంచి జానెడు ఎత్తున పెట్టండి.

పాత కంప్యూటరులో గ్రాఫిక్స్ కార్డు ఒక్కటి వేస్తే మా అబ్బాయి ఆటలు నడుస్తాయా?

కొన్ని నడుస్తాయి. అతను అడుగుతున్నవి నడవకపోవచ్చు. కార్డు కొనేముందు నాలుగు చూడాలి.

ముందు కరెంటు. బోర్డు మీది స్లాటు ఇవ్వగలిగేది 75 వాట్లు. అంతకంటే తాగే కార్డుకు ఎస్‌ఎంపీఎస్, అంటే క్యాబినెట్‌లో కరెంటు పంచే డబ్బా, నుంచి విడిగా తీగ కావాలి. పాత క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చిన ఎస్‌ఎంపీఎస్ మీద 450 వాట్లని రాసి ఉంటుంది, ఆ రాతను పెళ్లిచూపుల్లో చెప్పే జీతంలా చూడాలి. దాని మీద భారం వేయకుండా ఉండాలంటే విడి తీగ అక్కర్లేని కార్డులు ఉన్నాయి. జీటీఎక్స్ 1650లో కొన్ని రకాలు, 70 వాట్లతో నడిచే ఆర్టీఎక్స్ 3050 6 జీబీ అలాంటివే.

తర్వాత బయోస్. 2011, 2012 నాటి బోర్డుల్లో కొన్ని కొత్త కార్డును గుర్తించవు, తెర నల్లగా ఉండిపోతుంది. వేసి చూపించి అమ్మే షాపులోనే కొనండి. యంత్రాన్ని ఆటోలో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లండి, నామోషీ ఏమీ లేదు.

ఆ తర్వాత స్లాటు తరం. రేడియాన్ ఆర్ఎక్స్ 6400 చూడటానికి బాగుంటుంది, 53 వాట్లే తాగుతుంది. కానీ అది స్లాటులోని పదహారు దారుల్లో నాలుగింటి మీదుగానే బోర్డుతో మాట్లాడుతుంది. పీసీఐఈ అనే ఆ స్లాటులో 4.0 తరం ఉన్న కొత్త బోర్డులో ఫర్వాలేదు, రెండో తరం బోర్డులోని 2.0లో దాని గొంతు నొక్కినట్టవుతుంది.

చివరిది, అందరూ మరిచేది, ప్రాసెసర్. కొత్త ఆటల్లో కొన్నింటికి ఏవీఎక్స్2 అనే ఆదేశాల వరుస తప్పనిసరి. ఇంటెల్‌లో అది 2013లో వచ్చిన నాలుగో తరం నుంచే ఉంది. రెండో తరం, మూడో తరం ప్రాసెసర్ పక్కన ఎంత ఖరీదైన కార్డు పెట్టినా అలాంటి ఆట తెరుచుకోదు. తల గొరిగించుకున్నాక తిథి, నక్షత్రం అడిగినట్టు, కార్డు కొన్నాక నాకు ఫోన్ చేసినవారు ముగ్గురు ఉన్నారు.

చౌకగా దొరుకుతున్నాయని జీటీ 1030, జీటీఎక్స్ 1050 టీఐ ఇప్పుడు కొనకండి. ఆ తరానికి కొత్త ఆటల కోసం ఇచ్చే డ్రైవర్లను ఎన్‌విడియా 2025 అక్టోబరుతో ఆపింది, ఇక భద్రతా అప్‌డేట్లే వస్తాయి. జీటీ 1030లో డీడీఆర్4 రకం మరీ మోసం. పేరు అదే, వేగం సగం కూడా ఉండదు.

మొత్తం మీద నాలుగో తరానికి ముందు యంత్రమైతే ఆటల కోసం దాని మీద ఒక్క రూపాయి పెట్టకండి. నాలుగు నుంచి ఏడు మధ్య ఉంటే ఎస్‌ఎస్‌డీ, 16 జీబీ ర్యామ్, 75 వాట్లలోపు కార్డు వేసి రెండు మూడేళ్లు లాగవచ్చు. ఎనిమిది, ఆపైన ఉంటే అది పాత కంప్యూటరే కాదు.

మేం చిన్నప్పుడు ఆడినవి నడుస్తాయా?

నిక్షేపంలా. డేంజరస్ డేవ్ లాంటి డాస్ కాలపు ఆటలను ఇప్పటి కంప్యూటరులో నడిపే డాస్‌బాక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. వైస్ సిటీ, ఐజీఐ, ఈఏ వారి క్రికెట్ 07 తరం వాటికి కోర్ 2 డ్యుయో కూడా ఎక్కువే. చింత చచ్చినా పులుపు చావలేదన్న మాట పాత కంప్యూటరుకు ఇక్కడ అక్షరాలా సరిపోతుంది. చిక్కల్లా పెన్ డ్రైవుల్లో చేతులు మారే నకళ్లతో. వాటితో పాటు వైరస్‌లూ వస్తాయి. చాలా పాత ఆటలు అధికారికంగానే టీ ఖర్చుకు దొరుకుతున్నాయి.

ఆటలు అమ్మే స్టీమ్ మాత్రం విండోస్ 7, 8లలో నడవదు, 2024 జనవరి 1తో ఆపేశారు.

లినక్స్ వేస్తే ఆటలు పోతాయి కదా?

2018కి ముందు ఆ మాట నిజం. ఆ ఏడాది స్టీమ్‌ను నడిపే వాల్వ్ సంస్థ ప్రోటాన్ అనే సాఫ్ట్‌వేర్ తెచ్చాక విండోస్ ఆటల్లో చాలావాటిని లినక్స్‌లో స్టీమ్ తానే నడిపిస్తోంది. చేతిలో పట్టుకుని ఆడే స్టీమ్ డెక్ లోపల ఉన్నదీ లినక్సే. కౌంటర్ స్ట్రైక్ 2, డోటా 2లకు సొంత లినక్స్ రూపాలే ఉన్నాయి. పాత కార్డులతో మాత్రం జాగ్రత్త, ప్రోటాన్‌కు వల్కన్ అనే బొమ్మలు గీసే పద్ధతి తెలిసిన కార్డు కావాలి. వాలొరెంట్ లినక్స్‌లో నడవదు. మీ ఇంట్లో కావలసింది అదే అయితే ఈ సంభాషణ ఇక్కడితో అయిపోయింది.

పాటలకు ఎంత కంప్యూటరు కావాలి?

ఏదైనా చాలు. సీడీ పాటలో సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కోటి 16 బిట్లు, రెండు చానెళ్లు. అంటే నిమిషానికి సుమారు 10 ఎంబీ. పదిహేనేళ్ల నాటి ప్రాసెసర్‌కు అది చెమట పట్టే పని కాదు. ఐదు నిమిషాల పాట సీడీలో 50 ఎంబీ ఉంటే, ఏమీ పోకుండా కుదించే ఫ్లాక్‌లో 30 దగ్గర, 320 కేబీపీఎస్ ఎంపీ3లో 12 ఎంబీ అవుతుంది. ఎంపీ3ని ఫ్లాక్‌గా మారిస్తే నాణ్యత పెరుగుతుందని కొందరి నమ్మకం. నీళ్ల మజ్జిగను పెద్ద గిన్నెలో పోస్తే పెరుగు కాదు.

పాటల విషయంలో పాత యంత్రమే కొత్తదాని కంటే ఘనం అని నేను గట్టిగా చెబుతాను. దాని ముందు భాగంలో డీవీడీ డ్రైవు ఉంటుంది, ఇప్పటి క్యాబినెట్లలో దానికి చోటే లేదు. వెనకాల నీలం, ఆకుపచ్చ, గులాబీ రంగుల్లో మూడు రంధ్రాలు విడివిడిగా ఉంటాయి. ల్యాప్‌టాపులో సాధారణంగా ఉన్నది ఒకే రంధ్రం, అది హెడ్‌ఫోనుకూ మైకుకూ కలిపి చేసినది. ఇంట్లో ఉన్న ఆడియో సీడీలను ఎగ్జాక్ట్ ఆడియో కాపీతో ఫ్లాక్‌లోకి తీసి, ఫూబార్2000లో వినండి. రెండూ ఉచితం.

నాన్నగారి క్యాసెట్లు ఒక సూట్‌కేసు నిండా ఉన్నాయి. వాటిని ఎక్కించగలమా?

పాత కంప్యూటరును బతికించుకోవడానికి ఇంతకంటే మంచి కారణం నాకు తోచదు.

మొదట సూట్‌కేసు తెరిచి క్యాసెట్లను ఒక్కొక్కటిగా వెలుతురుకు పట్టుకోండి. చిన్న కిటికీలోంచి టేపు చుట్ట కనబడుతుంది. దాని అంచు మీద తెల్లగా, పిండి చల్లినట్టు ఉంటే అది బూజు. మన ఊరి తేమకు ఇది మామూలే. అలాంటిదాన్ని మంచి ప్లేయర్‌లో పెట్టకండి, టేపును చదివే హెడ్‌కు అంటుకుని తర్వాతి క్యాసెట్లన్నింటికీ పాకుతుంది. దాన్ని పక్కన పెట్టి, ఆరిన చోట సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో ఉంచి, చివరికి ఒక పాడైపోయినా ఫర్వాలేదనుకున్న ప్లేయర్‌లో ప్రయత్నించండి.

మంచివాటిని ముందు ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పండి, అంటుకున్న చుట్టలు విడతాయి. దూది పుల్ల మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వేసి ప్లేయర్ హెడ్ తుడవండి, గోధుమరంగు మసి వస్తుంది. ప్లేయర్ లైన్ అవుట్ నుంచి, లేకపోతే హెడ్‌ఫోను రంధ్రం నుంచి, కంప్యూటర్ వెనక నీలం రంధ్రానికి తీగ కలపండి. హెడ్‌ఫోను నుంచైతే శబ్దం సగంలో పెట్టండి. కంప్యూటరులో ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచి, 44,100 దగ్గర పెట్టి, గట్టి శబ్దాలు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకుని రికార్డు నొక్కండి. అరవై నిమిషాల క్యాసెట్‌కు అరవై నిమిషాలూ పడుతుంది, దగ్గరదారి లేదు.

పాట మందంగా, దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టు వినబడితే టేపు పాడైందనుకోకండి. హెడ్ పక్కన ఒక చిన్న మర ఉంటుంది. పాట నడుస్తుండగా సన్నని స్క్రూడ్రైవరుతో దాన్ని వెంట్రుకవాసి ఇటూ అటూ తిప్పితే, ఒకచోట తాళాల గలగల ఒక్కసారిగా పైకి తేలుతుంది. అక్కడ ఆపండి. మా అమ్మ ఊళ్లో ఎవరిచేతనో రికార్డు చేయించుకున్న హరికథ ఒకటి ఇలాగే ఎక్కించాను. అరగంట కథ మధ్యలో ఎవరో "గేదెను కట్టేశారా?" అని అరవడం స్పష్టంగా వినబడింది. శుభ్రం చేసే ఉత్సాహంలో దాన్ని కోసేయబోతే అమ్మ ఒప్పుకోలేదు. ఆ గొంతు మా తాతగారిది.

స్పీకర్లలో గుయ్‌మని శబ్దం వస్తోంది. సౌండ్ కార్డు పోయిందా?

చాలాసార్లు దోషి సౌండ్ కార్డు కాదు, గోడ. పాత ఇళ్లలో మూడు రంధ్రాల సాకెట్ ఉంటుంది, పై రంధ్రానికి ఎర్త్ తీగ మాత్రం ఉండదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ చూపించండి, క్యాబినెట్ తాకితే జివ్వుమనడం కూడా దానితో పోతుంది. కంప్యూటరు ఒక సాకెట్‌లో, యాంప్లిఫయర్ ఇంకో గదిలోంచి లాగిన తీగ మీద ఉంటే రెండింటినీ ఒకే బోర్డుకు మార్చండి. మూడో కాలు విరిచేసి హమ్ తగ్గించానని గొప్పగా చెప్పుకునేవారి మాట వినకండి, అది ప్రాణాల మీదికి తెస్తుంది.

మౌస్ కదిపినప్పుడల్లా గరగర మారుతుంటే మాత్రం అది బోర్డు లోపలి చప్పుడే. అంకెలను ధ్వనిగా మార్చే చిన్న యూఎస్‌బీ డీఏసీ పెడితే ధ్వని తయారీ డబ్బా బయటికి వచ్చేస్తుంది, సమస్య చాలావరకు తీరుతుంది.

పాత దానిలో పాటలు రికార్డు చేయగలనా? కీబోర్డు వాయిస్తాను.

వాయించగలరు. నొక్కిన మీట ఆలస్యంగా పలకడమే ఇబ్బంది. విండోస్‌లో ఆలస్యం తగ్గించే ఆసియో డ్రైవరుతో 256 నమూనాల బఫర్ (ఒక విడతలో దాచుకునే ధ్వని) పెడితే ఆ ఒక్క మెట్టు దగ్గర ఆలస్యం 6 మిల్లీసెకన్లలోపే. పాత ప్రాసెసర్ అక్కడ టపటపమంటే 512కు పెంచండి. సంగీతం కూర్చే సాఫ్ట్‌వేర్లలో రీపర్ తేలికైనది, ఎల్‌ఎంఎంఎస్ ఉచితం. బ్లూటూత్ హెడ్‌ఫోనుతో మాత్రం ప్రయత్నించకండి, మీరు పల్లవి అయ్యాక అది మొదలుపెడుతుంది.

పాటలన్నీ అందులో పెట్టి ఇంట్లో అందరి ఫోన్లలో వినవచ్చా? కరెంటు బిల్లు సంగతి?

వినవచ్చు. నావిడ్రోమ్ లేదా జెల్లీఫిన్ అనే పాటలు పంచే సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే ఇంటి వైఫైలో ఉన్న ఏ ఫోనుకైనా పాటలు అందుతాయి. పాత డెస్క్‌టాప్ ఊరికే ఉన్నా 60 వాట్లు తాగుతుందనుకుంటే, రోజంతా వదిలేసినప్పుడు నెలకు 43 యూనిట్లు. రోజుకు నాలుగు గంటలైతే 7 యూనిట్లు. రాత్రీపగలూ నడవాలంటే పాత ల్యాప్‌టాప్ మేలు, లేదా 5 వాట్ల రాస్ప్‌బెర్రీ పై లాంటిది నెలకు 4 యూనిట్లలోపు సరిపెడుతుంది. పాత యంత్రాన్ని పగలు నడిపి రాత్రి పడుకోనివ్వండి.

పాటలకు రెండో నకలు తప్పనిసరి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా కిటికీ అద్దం పగిలి వాన నేరుగా క్యాబినెట్ మీద పడింది. ఆ తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు కనుక ఆన్ చేసి చూద్దామన్న తొందర తప్పింది, దానివల్లే అది నిదానంగా ఆరి బతికింది. అప్పటినుంచి ఒక నకలు విజయనగరంలో మా అక్కయ్య బీరువాలో ఉంటోంది.

కొత్తదే కొనాలనుకుంటే?

ఆటల కోసమైతే డెస్క్‌టాపే కొనండి. ఐదేళ్ల తర్వాత కార్డు ఒక్కటి మార్చుకోవచ్చు, గేమింగ్ ల్యాప్‌టాపులో ఆ వీలు లేదు. ద్వారకానగర్‌లో షాపు తర్వాత షాపు తిరిగి, ప్రతి చోటా ఒకే కాగితం మీద ప్రాసెసర్, బోర్డు, ర్యామ్, కార్డు, ఎస్‌ఎంపీఎస్ కంపెనీ పేరు, మోడల్ సంఖ్య రాయించుకోండి. "700 వాట్ల ఎస్‌ఎంపీఎస్" అని మాత్రమే రాసిచ్చిన కాగితాన్ని అక్కడే వదిలేయండి.

ఆఫీసుల నుంచి వచ్చిన పాత బ్రాండెడ్ డెస్క్‌టాపులు కూడా మంచి బేరమే, ఎనిమిదో తరం నుంచి తీసుకోండి. సన్నని క్యాబినెట్ వద్దు. అందులో సగం ఎత్తు కార్డులే పడతాయి, ఎస్‌ఎంపీఎస్ ఆకారం కూడా ఆ కంపెనీకే ప్రత్యేకం. ఇంజినీరింగ్ చదువుకు కావాలని అబ్బాయి అంటున్న కంప్యూటరుకు రంగురంగుల లైట్లు ఎందుకో అతన్నే అడగండి. జవాబు తయారుగా ఉంచుకునే ఉంటాడు, విని ఆనందించండి.

ఉన్న యూపీఎస్ సరిపోతుందా?

చాలా ఇళ్లలో ఉండే 600 వీఏ యూపీఎస్ మోయగలిగేది 360 వాట్ల దగ్గర. పాత యంత్రానికి చాలు. పెద్ద కార్డున్న కొత్త యంత్రం ఆట మధ్యలో అంతకంటే ఎక్కువ లాగితే, కరెంటు పోగానే యూపీఎస్ కూడా చేతులెత్తేస్తుంది. లోపలి బ్యాటరీ సాధారణంగా 12 వోల్టులు, 7 ఏహెచ్ రకం. రెండు మూడేళ్లకు మార్చాలి, యూపీఎస్ మొత్తం పారేయనక్కర్లేదు.

పాతదాన్ని ఎవరికైనా ఇచ్చేస్తే?

ఇవ్వండి, డిస్కు తుడిచి ఇవ్వండి. మామూలు ఫార్మాట్ చేస్తే ఫైళ్ల పేర్లు చెరిగిపోతాయి గానీ ఫైళ్లు అక్కడే ఉంటాయి. విండోస్ రీసెట్‌లో డ్రైవును పూర్తిగా శుభ్రం చేసే మార్గం ఎంచుకోండి. నేనైతే హార్డ్ డిస్కు ఇవ్వను, తీసి దాచుకుంటాను.

అసలు నడవనిదైతే పాత ఇనుప సామాన్ల బండికి వేయకండి. తీగలు కాల్చి రాగి తీస్తారు, ఆ పొగ మన వీధిలోకే వస్తుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం వాటి రీసైక్లింగ్ బాధ్యత తయారీదారులది. అధీకృత రీసైక్లర్‌కే అప్పగించండి.

అటక మీద పాత లావుపాటి మానిటర్ ఉంది. దాన్ని?

విప్పకండి. ప్లగ్ తీసి చాలాకాలమైనా గాజు గొట్టంలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు, ఆ గాజులో సీసం కూడా ఉంటుంది. పనిచేస్తుంటే మాత్రం పారేసే ముందు ఒక్కసారి దాని మీద పాత ఆట ఆడి చూడండి. ఆ ఆటలు గీసింది అలాంటి తెరల కోసమే, ఎల్‌ఈడీ మీద మెట్లుమెట్లుగా కనబడే అంచులు అక్కడ నునుపుగా ఉంటాయి. అటక మీంచి దింపేటప్పుడు ఇద్దరు పట్టుకోండి, బరువంతా తెర వైపే ఉంటుంది.